నూరు రోజుల పాలన: ఎటునుంచి లెక్కపెట్టినా వంద రావడం లేదు

పెన్నాగట్టు
గ్రూప్స్‌కి చదువుతున్నా. ప్రపంచ చరిత్రలో ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ గద్దె దిగాక తిరిగొచ్చి ఏలిన 'నూరు రోజుల పాలన' దగ్గర ఇరుక్కుపోయా. నా దగ్గర మూడు నోట్సులున్నాయి. ఒకదాంట్లో 1815 మార్చి 1 నుంచి జూన్ 22 అని ఉంది. రెండోదాంట్లో మార్చి 20 నుంచి జూన్ 22. మూడోదాంట్లో మార్చి 20 నుంచి జూలై 8. క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేస్తే 113, 94, 110 వచ్చాయి. ఏ ఒక్కటీ వంద కాదు. మరి ఆ పేరెందుకు పెట్టినట్టు? మాక్ టెస్టులో దీని మీదే బిట్ వచ్చింది. నేను పెట్టింది తప్పన్నారు. ఎందుకు తప్పో చెప్పమంటే "కీ అదే" అన్నారు.

నిద్రమత్తు
మా ఊళ్లో వంద రోజులంటే ఉపాధి హామీ పని. అక్కడా ఎవరికీ వంద నిండినట్టు నేను చూడలేదు.

లెక్కల_మాస్టారు
నీ లెక్క సరిగ్గానే ఉంది బాబూ. మొదటి రోజును కూడా కలుపుకుంటే 114, 95, 111 అవుతాయి, అంతే తేడా. మార్చి 20 నుంచి సరిగ్గా వంద రోజులు పోతే జూన్ 28 దగ్గర ఆగుతాం. ఆరోజు ఏం జరిగిందో చరిత్ర చదివినవాళ్లు చెప్పాలి.

బుల్లెట్_బాబాయ్
సుమారుగా వంద అని పెట్టుంటారయ్యా. దీనికింత టెన్షన్ ఎందుకు? 94నీ 110నీ కలిపి రెండుతో భాగిస్తే 102. సరిపోయింది.

లెక్కల_మాస్టారు
బాబాయ్ గారూ, చరిత్రకు సగటు తీయడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

చరిత్రపిచ్చి
పేరు ఎక్కడ పుట్టిందో చూస్తే చిక్కు విడిపోతుంది. ఆ పేరు నెపోలియన్ పెట్టుకున్నది కాదు, అతని అభిమానులు పెట్టిందీ కాదు. అవతలి పక్షం వాళ్లది.

1814 ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగాడు. ఎల్బా దీవికి పంపేశారు. బూర్బన్ వంశం నుంచి 18వ లూయీ రాజయ్యాడు. 1815 ఫిబ్రవరి 26న నెపోలియన్ సుమారు వెయ్యిమందితో ఎల్బా నుంచి బయల్దేరి, మార్చి 1న దక్షిణ ఫ్రాన్సులో గోల్ఫ్ జువాన్ దగ్గర దిగాడు. పట్టుకోమని పంపిన పటాలాలు వచ్చి అతనితోనే కలిసిపోయాయి. మార్చి 19 అర్ధరాత్రి లూయీ మూటాముల్లె సర్దుకుని పారిస్ వదిలాడు. లీల్ మీదుగా సరిహద్దు దాటి గెంట్ పట్టణంలో తలదాచుకున్నాడు. 20 సాయంత్రం నెపోలియన్ లూయీ వదిలిన ట్విలరీ రాజభవనంలో దిగాడు. జూన్ 18న వాటర్లూ యుద్ధంలో ఓడిపోయాడు. జూన్ 22 రెండోసారి పదవీ త్యాగం. జూలై 8న లూయీ మళ్లీ పారిస్ వచ్చాడు.

ఆరోజు రాజుగారికి స్వాగతం పలికినాయన షాబ్రోల్. సేన్ ప్రాంతానికి ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టర్ లాంటి ఉద్యోగం. ఏలినవారు రాజధానిని విడిచిన ఆ దుర్దినం నుంచి నూరు రోజులు గడిచాయి అనే అర్థంలో ప్రసంగం ఎత్తుకున్నాడు. అప్పటినుంచి ఆ మాట నిలిచిపోయింది.

అంటే లెక్కపెట్టింది నెపోలియన్ ఎన్నాళ్లు ఏలాడని కాదు, రాజు ఎన్నాళ్లు లేడని. అసలు లెక్క 110. స్వాగత ప్రసంగంలో "నూట పది రోజులు గడిచాయి ప్రభూ" అంటే బాగోదు కాబట్టి నూరు చేశాడు. మాస్టారు అడిగిన జూన్ 28న లూయీ కాంబ్రే పట్టణం నుంచి ప్రజలకు ఒక ప్రకటన ఇచ్చాడు. వంద అక్కడ కాకతాళీయంగా కుదిరింది గానీ పేరు దాన్నుంచి రాలేదు.

పెన్నాగట్టు
ఓహో. బిట్ ఇది: 'నూరు రోజులు' అనేది ఏ రెండు సంఘటనల మధ్య కాలం? అ) ఎల్బా నుంచి తప్పించుకోవడం, వాటర్లూ. ఆ) పారిస్ ప్రవేశం, రెండో పదవీ త్యాగం. ఇ) లూయీ పారిస్ వదలడం, తిరిగి రావడం. ఈ) వియన్నా సమావేశం మొదలు, ముగింపు. నేను 'ఆ' పెట్టా. కీలో 'ఇ' ఉంది.

చరిత్రపిచ్చి
కీ సరైనదే. 'ఈ' ఎలాగూ కాదు. నెపోలియన్ గద్దె దిగాక యూరప్ దేశాలు కూర్చుని చర్చించిన వియన్నా సమావేశం 1814లోనే మొదలైంది. తుది ఒప్పందం మీద 1815 జూన్ 9న, వాటర్లూకి తొమ్మిది రోజుల ముందే, సంతకాలయ్యాయి.

తుంగభద్ర
కీ సరైనదే అని అంత తేలిగ్గా అనేయకండి. ఎవరో కలెక్టర్ స్వాగత పత్రంలో రాసుకున్న మాటకు అదే అర్థం శాశ్వతంగా ఉండాలని రూలా? రెండు వందల ఏళ్లుగా జనం ఆ మాట ఏ అర్థంలో వాడుతున్నారు? నెపోలియన్ తిరిగొచ్చి ఏలిన కాలం అనే కదా. లూయీ గెంట్‌లో కూర్చుని భోంచేసిన కాలం అని ఎవరూ అనుకోరు. వాడుకలో అర్థం మారితే మారినదే అర్థం. 'ఆ' కి కూడా మార్కు ఇవ్వాలి.

చరిత్రపిచ్చి
తుంగభద్ర గారూ, వాడుక సంగతి ఒప్పుకుంటా. కానీ ప్రశ్నలో 'కాలం' అని తేదీలు అడిగినప్పుడు ఏదో ఒక గీత గీయాలిగా? ఎక్కువ చరిత్ర పుస్తకాలు మార్చి 20, జూలై 8 అనే గీస్తాయి. ఇంకోటి, 'పాలన' అనే తోక మనం తగిలించింది. ఫ్రెంచిలో ఊరికే 'నూరు రోజులు' అంటారు. ఆ తోక వల్లే మనవాళ్లు జూన్ 22 దగ్గర ఆపేస్తున్నారు. పాలన అన్నాక పాలించేవాడు దిగిపోతే అయిపోయినట్టే కదా అని.

లియాన్_లలిత
ఫ్రాన్సులో పన్నెండేళ్లుగా ఉంటున్నా, కాస్త ఇక్కడి సంగతి చెబుతా. ఇక్కడ దీన్ని రెండు పదాల మధ్య చిన్న గీత పెట్టి, పెద్దక్షరాలతో, 'సాఁ జూర్' అని రాస్తారు. అలా రాస్తే 1815 ఒక్కటే. మామూలు అక్షరాలతో రాస్తే కొత్త ప్రభుత్వం మొదటి వంద రోజులు కూడా కావచ్చు. మా అబ్బాయి స్కూల్లో ఎగతాళిగా "మూడు నెలలకు కాస్త ఎక్కువ" అని నేర్పారట.

గోల్ఫ్ జువాన్ నుంచి గ్రెనోబుల్ దాకా నెపోలియన్ వచ్చిన దారికి ఇప్పుడు 'నెపోలియన్ రోడ్డు' అనే పేరుంది. దాదాపు 325 కిలోమీటర్లు. దారి పొడుగునా గద్ద గుర్తులు. గ్రెనోబుల్ దగ్గర లాఫ్రే అనే ఊరుంది. అక్కడే మార్చి 7న రాజు సైన్యం ఎదురుపడింది. తుపాకులు గురిపెట్టి ఉంటే ఆయన ముందుకు నడిచి, మీ చక్రవర్తిని కాల్చేవాడుంటే కాల్చండి అన్నాడని చెబుతారు. ఎవరూ కాల్చలేదు. సరస్సు పక్కన ఆ మైదానంలో ఇప్పుడు గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు చూపిస్తే, "ఈ చలిలో గుర్రం మీద ఎందుకు తిరిగాడమ్మా" అన్నారు.

కాకతీయ_కుర్రోడు
లలితక్కా, ఆ పేపర్ల కథ నిజమేనా? మొదట "రాక్షసుడు దిగాడు", తర్వాత "దోపిడీదారు లియాన్ చేరాడు", ఆఖరికి "చక్రవర్తి వారు రాజభవనానికి విచ్చేశారు" అని హెడ్డింగులు మారాయంటారు. వాట్సాప్‌లో ప్రతి ఎలక్షన్‌కీ వస్తుంది.

లియాన్_లలిత
ఆ వరసలో అచ్చయిన పేపర్ ఏదీ లేదు. తర్వాత అల్లిన కథ. కాకపోతే ప్రభుత్వ పత్రిక మోనితర్ రాజు వెళ్లీ వెళ్లగానే చక్రవర్తి పాట అందుకుంది, అది మాత్రం నిజం.

బుల్లెట్_బాబాయ్
మన దగ్గర ఆమాత్రం టైమ్ కూడా తీసుకోరు. కౌంటింగ్ మూడో రౌండుకే ఫ్లెక్సీ మారిపోతుంది.

చరిత్రపిచ్చి
అలా పార్టీ మార్చినవాళ్లను ఫ్రాన్సులో 'గాలికోళ్లు' అన్నారు. ఇంటి కప్పు మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే రేకు కోడి ఉంటుంది చూడండి, అది. అందరికంటే పాపం 'నే' అనే మార్షల్ (సేనాధిపతి). నెపోలియన్‌ని ఇనుప బోనులో పెట్టి తెస్తానని లూయీకి మాటిచ్చి వెళ్లి, మార్చి 14న నెపోలియన్ పక్షం చేరాడు. వాటర్లూలో పోరాడాడు. లూయీ తిరిగొచ్చాక డిసెంబరు 7న కాల్చి చంపారు.

తోకచుక్క
అసలు పాయింట్ మీకెవరికీ తట్టలేదు. సినిమా 94 రోజులు ఆడింది. థియేటర్ మార్చి, మార్నింగ్ షో వేసి, ఇంకో పదహారు రోజులు లాగి, గోడ మీద 'విజయవంతంగా 100 రోజులు' పోస్టర్ వేశారు. పోస్టర్ వేయించింది అవతలి హీరో ఫ్యాన్స్. ఇంత సింపుల్.

నిద్రమత్తు
షిఫ్టింగుతో శతదినోత్సవం 😂

తుంగభద్ర
తోకచుక్క జోకులోనే నా వాదన ఉంది. మిగిలిన పదహారు రోజులు, అంటే జూన్ 22 నుంచి జూలై 8 వరకు, ఎవరు ఏలారు? నెపోలియన్ కాదు. లూయీ కాదు. నెపోలియన్ పోలీసు మంత్రి ఫూషే నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం. పేరుకి నెపోలియన్ కొడుకు, నాలుగేళ్ల పిల్లాడు, ఎక్కడో వియన్నాలో ఉన్నవాణ్ని రెండో నెపోలియన్ అన్నారు. ఆ పదహారు రోజుల్ని కూడా నెపోలియన్ ఖాతాలో వేస్తే ఎలా?

చరిత్రపిచ్చి
అందుకే అంటున్నా, అది ఆయన ఖాతా కాదు, రాజు లేని ఖాతా. ఆ దృష్టితో చూస్తే ఫూషే రోజులు కూడా ఇందులోకే వస్తాయి.

రాజోలు_రమణి
రాజు లేని కాలం అంటే మన రామాయణంలో ఉందిగా. దశరథుడు పోయాక, భరతుడు మేనమామ ఇంటి నుంచి వచ్చేలోపు. రాముడు అడవిలో, భరతుడు కేకయలో. దశరథుడి శరీరం నూనె తొట్టిలో. అప్పుడు మార్కండేయుడూ మిగతా బ్రాహ్మణులూ వసిష్ఠుడితో 'నారాజకే జనపదే' అంటూ వరసగా చెబుతారు: రాజు లేని దేశంలో వాన పడదు, కొడుకు తండ్రి మాట వినడు, వర్తకులు దారిలో క్షేమంగా పోలేరు, ఇలా. ఫ్రాన్సు వాళ్లు వంద అని లెక్కపెట్టారు, మనవాళ్లు ఏమేం జరగవో లెక్కపెట్టారు.

తోకచుక్క
రమణి గారూ, తాత్కాలిక ఇంద్రుడు నహుషుణ్ణి మర్చిపోయారు. ఇంద్రుడు దాక్కున్నప్పుడు సీటెక్కి, ఋషులతో పల్లకీ మోయించి, అగస్త్యుడి శాపంతో కొండచిలువ అయ్యాడు. ఆపద్ధర్మ ప్రభుత్వం పెద్ద విధాన నిర్ణయాలు తీసుకోకూడదనే నియమం అక్కణ్ణుంచే వచ్చుంటుంది.

అట్లాంటా_అంజి
మీరంతా 1815లోనే ఆగిపోయారు. పేపర్లో రోజూ కనపడే 'ప్రభుత్వానికి వంద రోజులు' నెపోలియన్ నుంచి నేరుగా రాలేదు. మధ్యలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉన్నాడు.

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రమాణం చేశాడు. బ్యాంకులు వరసగా మూతపడుతున్నాయి. మార్చి 9న అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్‌ను ప్రత్యేకంగా సమావేశపరిచి, ఆరోజే బ్యాంకుల చట్టం పాస్ చేయించాడు. సమావేశం జూన్ 16 దాకా నడిచింది. రైతులకు సాయం, కుర్రాళ్లకు అడవుల్లో పని, టెనెసీ నది మీద ఆనకట్టలు, పరిశ్రమల చట్టం, అన్నీ ఆ గుక్కలోనే. జూలై 24న రేడియోలో మాట్లాడుతూ ఆయనే 'నూరు రోజులు' అన్నాడు. మాస్టారూ, మార్చి 9 నుంచి జూన్ 16 ఎంతో చూడండి.

లెక్కల_మాస్టారు
మార్చిలో 23, ఏప్రిల్ 30, మే 31, జూన్ 16. రెండు చివరలూ కలిపి సరిగ్గా 100. ఎట్టకేలకు!

అట్లాంటా_అంజి
చూశారా. కానీ ఇది కాంగ్రెస్ సమావేశం లెక్క. ప్రమాణం చేసిన రోజు నుంచి లెక్క కాదు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ప్రమాణ స్వీకారం నుంచి లెక్కపెట్టడం మొదలెట్టారు. కెన్నడీకి చిరాకు పుట్టి 1961 ప్రసంగంలోనే, ఇదంతా మొదటి వంద రోజుల్లో పూర్తికాదు, వెయ్యి రోజుల్లోనూ కాదు అన్నాడు. ఆయన పదవిలో ఉన్నది వెయ్యి రోజుల పైన కొద్దిగా మాత్రమే.

తుంగభద్ర
ఇదిగో, నేను చెప్పిందే అంజి గారు రుజువు చేశారు. 1815లో నూరు రోజులంటే అయిపోయిన కథ. 1933 తర్వాత నూరు రోజులంటే మొదలైన కథ. ఒకటి పడిపోయాక పెట్టిన పేరు, ఇంకోటి ఎక్కగానే పెట్టే గడువు. మాట అదే, అర్థం తలకిందులైంది. ఇక మూలం పట్టుకుని ఏం సాధిస్తాం?

లియాన్_లలిత
ఇక్కడ ఆ రెండు అర్థాలూ ఒకసారి గుద్దుకున్నాయి. 2023లో పెన్షన్ సంస్కరణల మీద ఊళ్లన్నీ అట్టుడికాక, ఏప్రిల్ 17న మాక్రాన్ టీవీలో మాట్లాడుతూ దేశాన్ని శాంతపరచడానికి వంద రోజులు అన్నాడు. జూలై 14న లెక్క చూసుకుందామన్నాడు. ఆయన ఉద్దేశం రూజ్‌వెల్ట్ అర్థం. మా ఆఫీసులో ఫ్రెంచి వాళ్లకు మాత్రం వెంటనే వాటర్లూ గుర్తొచ్చింది. లంచ్ దగ్గర అదే జోకు.

లెక్కల_మాస్టారు
ఏప్రిల్ 17 నుంచి జూలై 14 అంటే 88 రోజులమ్మా.

లియాన్_లలిత
మాస్టారూ 😂 ఫ్రాన్సుకీ వందకీ అచ్చిరాదు.

వాన_వెలిసింది
చైనాని ఎవరూ తలవలేదే. 1898లో గ్వాంగ్‌షూ చక్రవర్తి జూన్ 11న సంస్కరణలు మొదలుపెట్టాడు. చదువులు, పరీక్షలు, సైన్యం, ఆఫీసులు అన్నిటి మీదా ఉత్తర్వుల మీద ఉత్తర్వులు. వెనకుండి నడిపించింది కాంగ్ యూవే, లియాంగ్ చీచావో లాంటి పండితులు. సెప్టెంబరు 21న పెద్ద రాణి త్సిషీ అధికారం లాక్కుని కుర్ర చక్రవర్తిని రాజభవనం సరస్సులో ఉన్న ఒక దీవిలో నిర్బంధించింది. వారం తిరిగేసరికి ఆరుగురు సంస్కర్తల తలలు తీశారు. దీన్నీ 'నూరు రోజుల సంస్కరణ' అంటారు. రోజులు 103. ఉత్తర్వులన్నీ దాదాపు రద్దయ్యాయి. అప్పుడు పెట్టిన పెద్ద విద్యాలయం మాత్రం నిలిచింది, అదే ఇప్పటి పెకింగ్ యూనివర్సిటీ.

చైనా వాళ్లు దీనికి ఇంకో పేరు కూడా వాడతారు, ఆ సంవత్సరం పేరుతో. వాళ్లకూ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది.

రాజోలు_రమణి
1898 అంటే మనకు విళంబి. 2018లో మళ్లీ విళంబి వచ్చింది, రెండు చక్రాలు తిరిగి. సంవత్సరం పేరు పెట్టుకుంటే ఈ రోజుల తకరారే ఉండదు.

కాకతీయ_కుర్రోడు
ఇంతకీ నెపోలియన్ ఆ మూడు నెలల్లో యుద్ధం తప్ప ఏం చేశాడు? చైనా చక్రవర్తిలా ఏమైనా మార్చాడా?

చరిత్రపిచ్చి
చేశాడు. మార్చి 29న బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. 1802లో ఫ్రెంచి కాలనీల్లో బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టినవాడు కూడా ఆయనే, అది మరవద్దు. ఇంగ్లండు మనసు కరిగించడానికే ఆ ఆజ్ఞ అని నా అభిప్రాయం. తనను ఘాటుగా తిట్టిన రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్‌ను పిలిచి రాజ్యాంగానికి సవరణ రాయించాడు. ఎన్నికలు పెట్టాడు. యూరప్ నమ్మలేదు. మార్చి 13నే, ఆయన పారిస్ చేరకముందే, వియన్నాలో ఉన్న దేశాలన్నీ అతనికి ఇక చట్టం రక్షణ లేదని ప్రకటించేశాయి.

ఫలితం మాత్రం ఫ్రాన్సు నెత్తిన పడింది. 1814 ఒప్పందంలో పరిహారం మాటే లేదు. 1815 నవంబరు ఒప్పందంలో 70 కోట్ల ఫ్రాంకులు, దేశంలో పరాయి సైన్యాల మకాం. దక్షిణాన రాజు మనుషులు పగ తీర్చుకుంటూ చాలామందిని చంపారు. అవిన్యోన్‌లో మార్షల్ బ్రూన్ అలాగే పోయాడు. చిన్న కాలం కదా అని తీసిపారేసే వాళ్లు ఇది చూడాలి.

గుంటూరు_గోంగూర
మన రాష్ట్రం సంగతి ఎవరూ ఎత్తరేం? 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం. నెల రోజుల ముఖ్యమంత్రి అన్న పేరు నాదెండ్లకు ఉండిపోయింది. మా నాన్న అప్పుడు డిగ్రీ, బంద్‌ల వల్ల పరీక్ష వాయిదా పడిందని ఇప్పటికీ సంతోషంగా చెబుతాడు.

తుంగభద్ర
దాన్ని 'ఆగస్టు సంక్షోభం' అంటాం. తీరింది సెప్టెంబరులో. అక్కడా పేరుకీ తేదీకీ పొంతన లేదు.

చరిత్రపిచ్చి
ఇంకోటి చూడండి. 'సంక్షోభం' అన్నది ఎవరి మాట? తిరిగొచ్చినవాళ్లది. నాదెండ్ల పక్షం నిలబడి ఉంటే దానికి వేరే పేరు ఉండేది. షాబ్రోల్ చేసిందీ అదే. గెలిచినవాడి గుమ్మం ముందు నిలబడి పెట్టిన పేరు.

గుంటూరు_గోంగూర
అది మాత్రం ఒప్పుకోను. రోడ్ల మీదికి వచ్చింది జనం. ఎమ్మెల్యేల్ని కర్ణాటకలో దాచిపెట్టాల్సి వచ్చింది. సంక్షోభం కాక ఇంకేమంటారు? ఫ్రాన్సులో కలెక్టర్ పెట్టిన పేరూ, మన జనం నోట పుట్టిన పేరూ ఒకటేనా?

బుల్లెట్_బాబాయ్
1995లో కూడా ఆగస్టే. ఈసారి ఎన్టీఆర్ తిరిగి రాలేదు. అందుకే ఆ నెలంటే కొందరు నాయకులకు ఇప్పటికీ భయం. పేర్లు చెప్పను. ఈమధ్య ఓ పార్టీ వాళ్లు కూడా వంద రోజుల్లో అన్నీ ఇచ్చేస్తామని...

నిర్వాహకుడు
బాబాయ్ గారూ, ఇప్పటి పార్టీల సంగతి వేరే విభాగంలో. ఇక్కడ పాత చరిత్రకే పరిమితం కండి. రెండు పోస్టులు తీసేశాను.

నిద్రమత్తు
నిర్వాహకుడి వంద రోజుల పాలన మొదలైంది.

లెక్కల_మాస్టారు
నాకు ఈ తప్పుడు లెక్కల మీద మోజు పట్టింది. ఢిల్లీ సంగతి చూడండి. వాజ్‌పేయి 'పదమూడు రోజుల ప్రభుత్వం' అంటాం. 1996 మే 16న ప్రమాణం, మే 28న రాజీనామా. రెండు చివరలూ కలిపితే 13, సరే. కానీ దేవెగౌడ ప్రమాణం చేసింది జూన్ 1న. అప్పటిదాకా ప్రధాని వాజ్‌పేయే. అలా చూస్తే 16.

చరణ్ సింగ్ సంగతి ఇంకా పెద్ద తేడా. 1979 జూలై 28న ప్రమాణం, ఆగస్టు 20న రాజీనామా, 23 రోజులు. పార్లమెంటు ముఖం చూడకుండానే దిగిపోయాడు. కానీ ఎన్నికలై ఇందిరా గాంధీ వచ్చేవరకు, అంటే 1980 జనవరి 14 దాకా, ఆపద్ధర్మ ప్రధాని ఆయనే. ఆ లెక్కన 170. ఏది రాయాలి?

పెన్నాగట్టు
మాస్టారూ, ప్రధానిగా పనిచేసిన కాలం అని అడిగితే 170, పూర్తి అధికారంతో అంటే 23. మా నోట్సులో రెండూ ఉన్నాయి, ఏది ఎప్పుడు రాయాలో మాత్రం లేదు.

అట్లాంటా_అంజి
బ్రిటన్‌లో లిజ్ ట్రస్ కూడా అంతే. 2022 సెప్టెంబరు 6న వచ్చింది, అక్టోబరు 20న దిగిపోతున్నానంది, 25న దిగింది. అందుకే ఒక పేపర్లో 44, ఇంకో పేపర్లో 49.

కాకతీయ_కుర్రోడు
ఆవిడ పదవి ముందు పోతుందా, క్యాబేజీ లాంటి ఆకుకూర ముందు వాడిపోతుందా అని ఒక పేపరు పోటీ పెట్టింది ఆవిడ మీదే కదా బ్రో? ఆకుకూరే గెలిచింది.

వాన_వెలిసింది
వందకు అతి దగ్గరగా వచ్చి ఆగినవాడు ఇంకొకడున్నాడు. జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్. 1888 మార్చి 9న గద్దెనెక్కాడు, జూన్ 15న చనిపోయాడు. గొంతు క్యాన్సర్. ఎక్కేనాటికే మాట లేదు, కాగితం మీద రాసి చూపించేవాడు. ఉదారవాది అని అందరూ ఆశపడ్డారు, ఏం చేసే టైమూ లేకపోయింది. ఆయన్ని అక్కడ '99 రోజుల చక్రవర్తి' అంటారు. చూడండి, వంద చేయలేదు.

లెక్కల_మాస్టారు
రెండు చివరలూ కలిపితే 99. జర్మన్లకు నా నమస్కారం.

తుంగభద్ర
ఎందుకు చేయలేదో ఆలోచించండి. 99 అంటేనే జాలి పుడుతుంది. వంద అంటే ఏదో పూర్తయినట్టు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 ఆగస్టు 8న ఫ్రాన్సులోని ఆమియాన్ దగ్గర మొదలై నవంబరు 11 దాకా మిత్రపక్షాలు చేసిన ఆఖరి దాడిని కూడా నూరు రోజులే అన్నారు. అది 96. గెలిచిన యుద్ధం కదా, వంద చేసుకున్నారు.

చరిత్రపిచ్చి
దీంతో మాత్రం ఏకీభవిస్తున్నా. అయితే షాబ్రోల్ మాత్రం 110ని వందకి దించాడు. రాజు పారిపోయిన రోజులు ఎంత తక్కువైతే అంత మర్యాద.

తుంగభద్ర
సరే, ఇద్దరం ఎక్కడో ఒకచోట కలిశాం. కానీ 'ఆ' కి కూడా మార్కు ఇవ్వాలన్న మాట మీదే ఉన్నా.

పాత_లెక్చరర్
ఆలస్యంగా చూశాను. ముప్ఫై ఏళ్లు డిగ్రీలో చరిత్ర చెప్పాను. పరీక్ష రాసే పిల్లలకు ఒక మాట. బిట్‌లో 'నూరు రోజులు' అని ఉంటే మార్చి 20, జూలై 8. 'నెపోలియన్ రెండోసారి పాలించిన కాలం' అని ఉంటే మార్చి 20, జూన్ 22. మార్చి 1 తేదీని ఫ్రాన్సులో దిగడానికి మాత్రమే వాడండి. ఫిబ్రవరి 26 ఎల్బా వదిలిన రోజు, ఆ రెండూ కలపకండి. వ్యాస ప్రశ్న వస్తే లెక్క 110 అనీ, పేరు రాజు పక్షం వాళ్లదనీ ఒక్క వాక్యం రాస్తే దిద్దేవాడి కళ్లు ఆగుతాయి. నేనైతే ఆగేవాణ్ణి.

పెన్నాగట్టు
చాలా థ్యాంక్స్ సార్. స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఇలాంటిదే ఇంకోటి అడగొచ్చా? ఇంగ్లండులో తొమ్మిది రోజుల రాణి అని జేన్ గ్రే ఉంది. 1553 జూలై 10 నుంచి 19. నోట్సులో ఒకచోట తొమ్మిది, ఇంకోచోట పదమూడు అని ఉంది.

పాత_లెక్చరర్
పదమూడు అన్నవాళ్లు ఆరో ఎడ్వర్డ్ చనిపోయిన జూలై 6 నుంచి లెక్కపెట్టారు. ఆయన చావును కొన్నాళ్లు దాచారు. ఆవిణ్ణి రాణిగా చాటింది 10న. బిట్‌లో తొమ్మిదే పెట్టు నాయనా.

లెక్కల_మాస్టారు
10 నుంచి 19 రెండు చివరలూ కలిపితే పది.

పాత_లెక్చరర్
మాస్టారూ, మీరు పిల్లాణ్ణి పాస్ అవనిచ్చేలా లేరు.